బొమ్మ అరిగిన నాణేలు

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది, చలికాలం. ఆ ఏడాది చలి ముందే దిగింది. పొద్దున్నే షట్టర్ ఎత్తితే ఇనుము అరచేతికి అతుక్కున్నట్టు ఉండేది.

మా దుకాణం ఒక సన్నటి వీధిలో, గడియారాలు బాగుచేసే అతనికీ ఫోటో స్టూడియోకీ మధ్య ఉండేది. ముందు గది వ్యాపారానికి, వెనక గది నా పనికి. వెనక గదిలోంచి పదమూడు చెక్క మెట్లెక్కితే పైన మా ఇల్లు. అందులో ఏడో మెట్టు కిర్రుమనేది. బాగుచేయమని నా భార్య ఏళ్ల తరబడి పోరు పెట్టినా నేను ముట్టుకోలేదు. ఎవరు ఎక్కుతున్నారో దిగుతున్నారో కూర్చున్నచోటే తెలుస్తుంది కదా అని నా వాదన.

పాత నాణేలు వేలంలో కొని, సేకరించేవాళ్లకు అమ్మడం మా పని. ముగ్గురం ఉండేవాళ్లం. కొనేదీ అమ్మేదీ నా బావమరిది. వాణ్ణి వీధంతా కాటా అనేవాళ్లు. నాణెం అరచేతిలో వేసుకుని బరువు చెప్పేస్తాడు. త్రాసులో వేసి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు. వాడి అక్క, అంటే నా భార్య, వేలం జాబితాలు చదివేది, ఒక్కో నాణేనికీ చీటీ రాసేది. నాణెం అసలుదా కాదా, ఎంత అరిగింది, ఎవరైనా దాన్ని దిద్దారా అని చూసేది నేను.

ఆ చూపు నాకు ఊరికే రాలేదు. అంతకుముందు ముప్ఫై ఏళ్లు బహుమతి కప్పుల మీద పేర్లు చెక్కాను. అందులో చాలా ఏళ్లు ఒక్క అక్షరం రాకుండానే చెక్కాను. కాగితం మీద గీసిచ్చిన వంకరలన్నీ లోహం మీదికి దింపేవాణ్ణి, అంతే. ఒకసారి చీటీ తిరగేసి పట్టుకుని, పేరంతా తలకిందులుగా చెక్కి పెట్టాను. కప్పు తీసుకోవడానికి వచ్చిన పంతులమ్మ కోప్పడలేదు. "రాత్రి బడికి రండి" అంది. నలభై మూడేళ్ల వయసులో వెళ్లి పలక పట్టాను. రెండేళ్లకు ఆ పంతులమ్మనే పెళ్లి చేసుకున్నాను.

ఆవిడ ముఖం ఎలా ఉండేదో ఇక్కడే రాసిపెట్టాలి. ఎడమ కంటి కింద నువ్వుగింజంత పుట్టుమచ్చ. గడ్డం మీద గాటు; పెళ్లైన కొత్తలో ఆ ఏడో మెట్టు మీదనుంచే జారి పడితే నాలుగు కుట్లు పడ్డాయి. కనుబొమలు మధ్యలో కలిసిపోయి ఉండేవి. నవ్వితే పెదవులు ముందు ఎడమవైపుకి వెళ్లి, ఆ తర్వాత కుడివైపుకి వచ్చేవి. కళ్లు లేత గోధుమరంగు.

నా సంగతి చెప్పడానికేమీ లేదు. మొండివాణ్ణి. చిన్నప్పుడు తీగ తగిలి ఎడమ చెవి తమ్మె రెండుగా చీలింది. "చెవి రెండు చేసినా మాట మాత్రం వినదు" అని ఆవిడ నన్ను ఏడిపించేది.

ఆ చలికాలం మొదట్లో, చనిపోయిన ఒక తాళాల పనివాడి సామాను వేలానికి వచ్చింది. వాళ్ల ఇంట్లోనే వేలం. కాటా, నేను వెళ్లాం. ఇంటి నిండా జనం కుర్చీలు తిరగేసి కాళ్లు చూస్తున్నారు. పోయినాయన భార్య మూలన స్టూలు మీద కూర్చుని ఉంది. పూర్తిగా చెవుడట. నేను ఆవిడ పక్కనుంచి వెళ్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"రైలు వెళ్తోంది, వినిపిస్తోందా?" అంది.

ఆ చుట్టుపక్కల ఎక్కడా రైలు లేదు. పెద్దావిడ కదా అని తల ఊపి వచ్చేశాను.

మా చేతికొచ్చిన వస్తువు ఒక చెక్కపెట్టె. లోపల ఆరు గూళ్లు. ఐదు గూళ్లలో ఐదు వెండి నాణేలు, ఆరోది ఖాళీ. పక్కన గుడ్డలో చుట్టిన సన్న ఉలి ఒకటి. నాణేలు రాణి బొమ్మవి. సేకరించేవాళ్లు వెతికే వరసే, కానీ ఐదింటి మీదా రాణి లేదు. బొరుసు వైపు అక్షరాలు నిన్న అచ్చు కొట్టినంత పదునుగా ఉన్నాయి. బొమ్మ వైపు మాత్రం ఏటి అడుగున గులకరాయిలా నున్నగా ఉంది.

నాణెం చేతులు మారితే రెండు వైపులా అరుగుతుంది. ఒక్క వైపే అరిగిందంటే ఎవరో పని పెట్టుకుని అరగదీశారని అర్థం. నేను ఆ మాట అన్నాను. కాటా వినలేదు. ఎవరూ పాడకపోవడంతో పాత సామాను ధరకే పెట్టె మాదైంది.

పెట్టె మోసుకొచ్చిన కుర్రాడు చెప్పాడు. "ఆయన కుర్చీలోనే పోయాడు సార్. చేతిలో వీటిలో ఒకటి ఉంది. కుడి బొటనవేలికి గీతలే లేవు, గాజులాగా ఉంది."

ఇంటికి తెచ్చాక నా భార్య పెట్టె మూత వెనక అంటించిన కాగితం చదివింది. పెన్సిల్ రాత.

"బుగ్గ సొట్ట. ముక్కు మీద గాటు. రెప్పలు. పెదవులు. గొంతు. వినికిడి." ఆవిడ నవ్వింది. ముందు ఎడమకి, తర్వాత కుడికి. "ఇదేం జాబితా అండీ? మొదటి ఐదింటికీ టిక్కు పెట్టాడు. ఆరోదానికి లేదు."

"తాళాలకి గుర్తులేమో" అన్నాను.

"తాళానికి బుగ్గ సొట్ట ఎక్కడుంటుంది?"

 ఆ సాయంత్రం నేను నున్నటి నాణేన్ని దీపం కింద తిప్పి తిప్పి చూశాను. ఒక పక్కనుంచి వెలుతురు పడితే, లోహం లోపల ఎక్కడో రాణి నీడ ఉన్నట్టే అనిపించింది. చేతులు దురద పెట్టాయి.

మా వ్యాపారంలో చేయకూడని పని అదే. నాణేన్ని తోమకూడదు, చిలుము తియ్యకూడదు, అరిగిన బొమ్మని మళ్లీ చెక్కకూడదు. చెక్కిన నాణేన్ని అసలు నాణెంగా అమ్మడం మోసం. నాకు తెలుసు, కాటాకి తెలుసు. కానీ ముప్ఫై ఏళ్లు చెక్కిన చెయ్యి పదేళ్లుగా భూతద్దం పట్టుకుని ఊరుకుంది. ఇంకా నాలో ఆ పని మిగిలి ఉందో లేదో చూడాలనిపించింది. పైగా కాటా ఒక పెద్దమనిషిని వెతికి పట్టాడు. ఆయనకి ఆ వరసలో నాణేలు ఐదూ కలిపి కావాలి, ముఖాలు కనబడాలి.

"నువ్వు చెక్కు బావా, నేను అమ్ముతా. రాణిగారు మళ్లీ పెళ్లికూతురవుతుంది."

"తప్పు కదరా" అంది నా భార్య.

"కొన్నవాడు సంతోషంగా ఉంటే తప్పేంటక్కా?"

జాబితా పుస్తకంలో రాణి ఫోటో పెట్టుకుని, పెట్టెలో దొరికిన ఉలితోనే మొదలుపెట్టాను. దాని పిడి నా చేతికోసమే చేసినట్టు కూర్చుంది. మొదటి నాణేనికి నాలుగు సాయంత్రాలు పట్టింది. ఫోటోలో ఉన్నట్టే వచ్చింది. ఒక్కటే తేడా. రాణి ఎడమ కంటి కింద చిన్న చుక్క లేచింది. చెయ్యి జారిందనుకుని గీకేశాను. తెల్లారి చూస్తే చుక్క అక్కడే ఉంది.

ఆ పొద్దున నా భార్య టీ గ్లాసు పెడుతూ వంగింది. ఆవిడ ముఖంలో ఏదో తక్కువైంది. చాలాసేపు చూశాను.

"ఏంటండీ అలా చూస్తున్నారు, కొత్తగా?"

"నీ పుట్టుమచ్చ ఏది?"

"ఏ పుట్టుమచ్చ?"

కంటి కింద వేలితో తడుముకుంది. అద్దం ముందుకు వెళ్లింది. తిరిగి వచ్చి, "నాకక్కడ మచ్చ ఉండేదా?" అంది. వేళాకోళం కాదు. నిజంగానే అడిగింది.

నేను పనికి కూర్చున్నాను. అనుమానం వచ్చినా పని ఆపే అలవాటు నాకు లేదు.

రెండో నాణెం రాణి గడ్డం మీద సన్నటి అడ్డగీత వచ్చింది. భూతద్దం పెట్టి చూస్తే దాని మీద నాలుగు కుట్ల గుర్తులున్నాయి. అంత చిన్న గుర్తులు నా ఉలికి సాధ్యం కావు. పైకి వెళ్లాను. నా భార్య గడ్డం చంటిపిల్ల గడ్డంలా ఉంది.

మూడోది పూర్తయి, నాలుగూ ఐదూ చివరికొచ్చిన రోజున ఫోటో స్టూడియో అతను నన్ను పక్కకి పిలిచాడు.

"అన్నా, మీ ఇంటికి చుట్టాలొచ్చారా? పొద్దున మెట్లు దిగిన ఆవిడెవరు?"

"మా ఆవిడేరా."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. పదిహేనేళ్లుగా ఏటేటా మా ఇద్దరికీ ఫోటో తీసినవాడు.

ఆ రోజు నా భార్య కింది గదికి దిగి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కనుబొమల చోట చర్మం మాత్రమే ఉంది. మూడు నాణేలూ బల్ల మీద వరసగా పెట్టింది. చివరిదాని మీద రాణి కనుబొమలు మధ్యలో కలిసి ఉన్నాయి.

"ఇది నేనేనండీ" అంది గుసగుసగా.

నాణేలు నా వైపుకి లాక్కున్నాను.

"ఆ కాగితం మళ్లీ చదివాను. ఆయన చెక్కాడు. ఆయన భార్య ముఖంలోంచి ఒక్కొక్కటే పోయాయి. మళ్లీ తిరిగి రావాలని రుద్దాడు, బతికినన్నాళ్లూ. తిరిగొచ్చినవాటికే ఆ టిక్కులు. ఆరో నాణెం ఎక్కడికో పోయింది... అందుకే ఆవిడకి వినబడదు. ఆపండి. ఇక్కడితో ఆపి, వీటిని రుద్దేద్దాం."

"నాలుగోదానికి పెదవులే మిగిలాయి. ఐదోదానికి కన్నే మిగిలింది" అన్నాను. "ఈ రెండు గీతలూ అయిపోనీ. ఆ పెద్దమనిషి పంపిన మనిషి రేపు సాయంత్రం కారేసుకుని వస్తున్నాడు. ముఖం లేని రాణిని ఎలా ఇస్తాం? నీకు చలికి ఒళ్లు పాడైంది, అంతే. డాక్టర్‌కి చూపిద్దాం."

నేను ఆ మాట నమ్మి అన్నానా అని ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. నమ్మలేదు. సగం చెక్కిన పని బల్ల మీద వదిలేయడం నా వల్ల కాలేదు. అంతకంటే కారణమేమీ లేదు.

ఆవిడ లేచి పైకి వెళ్లింది. ఏడో మెట్టు కిర్రుమంది.

మర్నాడు సాయంత్రం ఐదింటికే చీకటి పడింది. మంచు వీధిలోకి దిగింది. కరెంటు పోయింది. నేను లాంతరు వెలిగించి బల్ల దగ్గర కూర్చున్నాను. గదిలో కిరసనాయిలు వాసన, గీరిన వెండి వాసన. గోడ అవతల గడియారాల అతను కొట్టు కట్టేసి వెళ్లిపోయాడు. వందల గడియారాలు మాత్రం చీకట్లో ఆడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు గోడలోంచి చెదపురుగుల చప్పుడులా వచ్చేది.

పైన నా భార్య ఎప్పటిలాగే వేలం జాబితా బయటికి చదువుతోంది. నేను కింద పని చేస్తుంటే, మెట్ల సందులోంచి వినబడేలా చదవడం ఆవిడకి రాత్రి బడి నాటి అలవాటు. నాతో అలిగినా చదవడం మాత్రం మానదు.

"నలభై ఒకటి, రాగి నాణేలు, పన్నెండు... నలభై రెండు, విరిగిన పతకం..."

నాలుగో నాణెం కింది పెదవి గీశాను. చివరి గీత సన్నగా, కొంచెం ఎడమకి వంగి వచ్చింది. నేను వంచలేదు.

పైన చదవడం ఆగింది.

కాసేపు గడియారాల చప్పుడే. తర్వాత మళ్లీ మొదలైంది.

"నలభై మూడు, వెండి నాణేలు..."

ఈసారి గొంతు దగ్గరగా ఉంది. కిందికి వచ్చి నా వెనక నిలబడిందనుకున్నాను. కోపం తగ్గిందనుకుని లోపల్లోపల సంతోషించాను కూడా. తల ఎత్తకుండా ఐదో నాణెం బిగించాను. చెక్కేవాళ్లు కన్ను చివరికి వదులుతారు. కన్ను పడ్డాక ఇంకేదీ దిద్దకూడదు. ఉలి మొన ఆనించి, ఊపిరి బిగబట్టి, కంటిపాప గుండ్రంగా తిప్పాను.

అప్పుడు గుర్తొచ్చింది.

ఏడో మెట్టు కిర్రుమనలేదు.

"ఏమండీ" అంది గొంతు. "దీపం ఎందుకు ఆర్పారు?"

లాంతరు నా మోచేతి పక్కనే వెలుగుతోంది.

వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. మెట్ల కింద చీకటి. గోడకి తగిలించిన నా చొక్కా. అంతే...

"ఏమండీ... ఏమీ కనబడట్లేదు. ఎక్కడున్నారు?"

గొంతు బల్ల మీదనుంచి వస్తోంది. చెక్కిన నాణేలు పెట్టే పళ్లెంలోంచి. నాలుగో నాణెం పెట్టిన చోటునుంచి.

నా చేతిలోంచి ఉలి జారింది. ఐదో నాణెం మీద రాణి పక్కకి తిరిగి ఉంది, నాణేల మీద అందరూ ఉన్నట్టే. కానీ ఆ కన్ను పక్కకి లేదు. నన్ను చూస్తోంది.

కిర్రుమని చప్పుడైంది.

ఎవరో మెట్లు దిగుతున్నారు. మెల్లగా. అరచేత్తో గోడ తడుముకుంటూ. గాజులు గోడకి రాసుకుంటున్న చప్పుడు... ఒక మెట్టు... ఆగడం... ఇంకో మెట్టు.

లాంతరు ఎత్తాను. వద్దనుకుంటూనే ఎత్తాను.

నా భార్య చీరే. నా భార్య చేతులే. మెడ దాకా నా భార్యే. ఆపైన ముఖం ఉండాల్సిన చోట ఏటి అడుగు రాయి. ముక్కు ఉందన్న జాడ మాత్రం ఉంది. వెలుతురు దాని మీద పడి, నున్నటి వెండి మీద జారినట్టు జారింది.

ఆమె చేతులు చాచింది. నా వెనకనుంచి, పళ్లెంలోంచి, "నా చెయ్యి పట్టుకోండి" అని వినబడింది.

పట్టుకున్నాను. నా మొండితనం కొద్దీ నా జీవితంలో చేసిన ఒక్క మంచిపని అది, పారిపోలేదు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నడిపించుకుంటూ పైకి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టాను. దుప్పటి కప్పాను. "ఇప్పుడే వస్తా, కదలకు" అన్నాను. తల ఊపింది.

కింద షట్టర్ లేచిన చప్పుడైంది.

"బావా" కాటా కేక. "ఐదూ అయిపోయాయా? బల్ల మీదివేనా? అబ్బ, ఈ కన్ను చూశావా. కారు మలుపులో ఆగి ఉంది, తీసుకెళ్తున్నా."

"ఒరేయ్, ఆగు" అన్నాను. అది కింది దాకా చేరలేదు.

షట్టర్ పడింది. ఆ తర్వాత వీధిలోంచి, కిటికీ కిందినుంచి నా భార్య గొంతు వినబడింది. దూరమవుతూ...

"ఏమండీ... నన్నెక్కడికి తీసుకెళ్తున్నారు... ఏమండీ..."

మంచం మీద కూర్చున్న మనిషి రెండు చేతులూ ఆ నున్నటి ముఖం మీద వేసుకుంది.

నేను మెట్ల మీద పడ్డానో దిగానో తెలియదు. చెప్పుల్లేకుండా మంచులో పరిగెత్తాను. వీధిలో ఏమీ కనబడదు. ఆ గొంతు వెంటే పరిగెత్తాను. మలుపు దగ్గర ఎర్ర దీపాలు రెండు కదిలి, మంచులో కలిసిపోయాయి. కాటా ఒక్కడే నిలబడి ఉన్నాడు, చేతిలో తోలుసంచి.

"ఏంటి బావా, చెప్పులేవి? అక్క కూడా వెంట వస్తోందా, గొంతు వినబడుతోంది?"

"సంచి ఇటివ్వు. ఐదూ ఇందులోనే ఉన్నాయా?"

"నాలుగున్నాయి. నమూనాకి ఒకటి అడిగితే ఇచ్చాను. ఉన్నవాటిలో మంచిది ఇచ్చాను, కన్ను బాగా కుదిరింది కదా అని. మిగతావి రేపు..."

సంచిలోంచి గొంతు వచ్చింది. "తమ్ముడూ, ఇక్కడ ఇరుకుగా ఉందిరా."

కాటా సంచి వంక చూశాడు. నా వంక చూశాడు. అలాగే తడి రోడ్డు మీద కూర్చుండిపోయాడు. చిన్నప్పుడు వాణ్ణి చంకనెత్తుకుని పెంచిన గొంతు అది.

ఆ రాత్రి ఇద్దరం నాలుగో నాణెం ముందేసుకుని కూర్చున్నాం. ముందు ఆకురాయి ఆనించాను. ఆనించగానే పళ్లెంలోంచి వచ్చిన కేకకి గోడ అవతల గడియారాలన్నీ ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ ఇనుము ముట్టుకోలేదు. పోయినాయన ఎందుకు బొటనవేలు వాడాడో అర్థమైంది. బూడిద అద్దుకుని రుద్దాను. నా వేలు బొబ్బలెక్కితే కాటా రుద్దాడు, వాడి వేలు చిట్లితే నేను అందుకున్నాను. తెల్లవారుతుండగా నాణెం మీద పెదవుల గీత చెరిగింది. పైకి పరిగెత్తాం. మంచం మీది మనిషికి నోరు వచ్చింది. కొంచెం పక్కకి.

"తమ్ముడూ, పొద్దున్నే టీ తాగావా?" అని అడిగింది. వాడు గోడకి తల ఆనించి ఏడ్చాడు.

నా వంక ముఖం తిప్పింది. చేత్తో నా చెవి తడిమి, చీలిక తగిలాక, నేనేనని తెలుసుకుంది.

"చీకటి లేదండీ ఇప్పుడు" అంది. "నీలం గుడ్డ కనబడుతోంది. చాలా దగ్గరగా."

మా గదిలో నీలం గుడ్డ లేదు.

మర్నాడే కాటా బయల్దేరాడు. ఆ పెద్దమనిషి నమూనాని చూసి, చెక్కుడు పని అని అనుమానపడి, వెంటనే అమ్మేశాడట. కొన్నవాడు దాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అంచులు అతికించేశాడట, ఎవరి వేలూ తగలకుండా. ఆ తర్వాత రెండు వేలాలు దాటింది. ఎవరు కొన్నారని ఏ వ్యాపారిని అడిగినా ఒకటే జవాబు: కొన్నవాళ్ల పేరు బయట పెట్టం. కాటా అందరి కాళ్లూ పట్టుకున్నాడు. ఆ మాట వాడు కూడా పదేళ్లు నలుగురికీ చెప్పినవాడే. అది మా వ్యాపారంలో పెద్ద మర్యాద.

నేను తాళాల పనివాడి భార్య దగ్గరికి వెళ్లాను. ఆవిడకి వినబడదు కాబట్టి కాగితం మీద రాసి చూపించాను. "ఆరో నాణెం దొరికిందా?"

ఆవిడ చాలాసేపు కాగితం చూసింది.

"లేదు బాబూ" అంది. "రైలు పక్కనుంచి ఎక్కడికో మార్చారు. ఇప్పుడక్కడ ఎవరో ఉలితో గీరుతున్న చప్పుడు. రోజంతా."

మిగతావి రుద్దడానికి ఏళ్లు పట్టింది. కనుబొమలకి రెండేళ్లు; వాటితో పాటే కళ్లూ వచ్చాయి, చూపు మాత్రం రాలేదు. గడ్డం గాటుకి ఏడాది. పుట్టుమచ్చ అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే లోతుగా దిగింది, నాలుగేళ్లు పట్టింది. నా బొటనవేలికి ఇప్పుడు గీతల్లేవు. ఏ ఆఫీసులో వేలిముద్ర అడిగినా నల్లటి మరక తప్ప ఏమీ పడదు. సంతకం నేర్పిన మనిషి ఇంట్లో ఉంది కాబట్టి సరిపోయింది. దుకాణం మూసేశాం. ఏడో మెట్టు మాత్రం బాగుచేయించలేదు. ఇప్పుడు అది ఆవిడకే కావాలి, ఎన్నో మెట్టు మీద ఉందో తెలియడానికి.

కళ్ల డాక్టర్లు ఆవిడ కళ్లు బాగున్నాయంటారు. లేత గోధుమరంగు కళ్లు, ఏ మచ్చా లేవు. వాటితో ఆవిడ నన్ను చూడదు. ఎప్పుడూ ఇంకేదో చూస్తుంది. ఏళ్ల తరబడి ఎక్కువగా చీకటే. అప్పుడప్పుడు సొరుగు తెరుచుకుంటుంది, వెలుతురు వస్తుంది, భూతద్దం వెనక ఎవరిదో పెద్ద కన్ను కనబడుతుంది. ఇళ్లు మారినప్పుడు గుడ్డ రంగు మారుతుంది. ఇవన్నీ ఆవిడ మామూలుగా, వాన పడుతోందన్నట్టు చెబుతుంది. వినడం నాకు అలవాటైపోయింది.

మొన్న కూరగాయలు తరుగుతూ చెయ్యి ఆపింది.

"డబ్బా పగలగొట్టారండీ" అంది.

"ఎవరు?"

"ముఖం వెలుతురులోకి రావడం లేదు. చేతులే కనబడుతున్నాయి. నన్ను చెక్కపెట్టెలో పెట్టారు. గూళ్లున్నాయి."  "పక్క గూట్లో ఇంకో నాణెం ఉంది. కొత్తగా చెక్కుతున్నారు. దాని మీద ఎవరో ముసలాయన."

తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి మళ్లీ ఆవిడే చెప్పింది.

"ఇంకా మొదలే. ఒక్క చెవి అయింది. ఎడమది."

నా భార్యకి చూపు పోయి ఇరవై ఆరేళ్లు. నిన్న పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకున్నాను. నా ఎడమ చెవి తమ్మెకి చీలిక లేదు.